వెనక తలుపు సోదా

పొద్దున ఏడింటికి చేట పట్టుకున్న మునెమ్మ పదకొండైనా తల ఎత్తలేదు. ముందర కందిబేడల గోతాం, పక్కన ఏరిన రాళ్ళ కుప్ప, గొంతు నిండా దుమ్ము. నీళ్ళకుండ అంగడి ముందువైపు ఉంది. బడి పిల్లలు వచ్చి పోయేదాకా బేడలు ఏరే ఆడవాళ్ళెవరూ అటు రాకూడదని మేస్త్రీ కుప్పయ్య పొద్దున్నే చెప్పేశాడు.

"పిల్లోళ్ళు అంగడి సూసేదానికి వస్తా ఉండారు. మీ మాసిన కోకలు సూసేదానికి కాదు," అన్నాడు.

గంగాధరం శెట్టి తిరుపతిలో ఈ సూపర్ బజారు తెరిచి రెండేళ్ళు. ముందువైపు అద్దాల తలుపులు, ఫ్యాన్లు, వరసలు వరసలుగా పొట్లాలు. వెనక రేకుల గదిలో ఈ ఆడవాళ్ళు. మునెమ్మ ఏరిన బేడలు కిలో ఏడు రూపాయలకు అమ్ముడుపోతాయి. ఆమె రోజు కూలి నాలుగు రూపాయలు.

కూలి సంగతి ఎలాగో సర్దుకుపోయింది. సర్దుకోలేనిది సాయంత్రం సోదా. వెనక తలుపు దగ్గర కుప్పయ్య స్టూలు వేసుకుని కూర్చుంటాడు. అతని ముందు కొంగు జాడించి, కొప్పు విప్పి, కుచ్చిళ్ళు వదులు చేసి దులిపి చూపిస్తేనే ఇంటిదారి. గుప్పెడు బేడలు దొరుకుతాయేమోనని వెతికే చూపు కాదది. మూడో తరగతి చదివే కూతురు తాయమ్మకు మాత్రం "పెద్దంగట్లో పని" అని చెప్పుకుంది. మిగతాది బిడ్డకు ఎప్పటికీ తెలియకూడదనే ఆమె ఆరాటమంతా.

ఈరోజు వచ్చేది తాయమ్మ బడే. శెట్టి మనవడూ ఆ తరగతిలోనే చదువుతాడు. అందుకే ఈ మర్యాద.

అద్దాల తలుపు చప్పుడైంది. మునెమ్మ లేచి గోనెపట్టా తెర సందులోంచి చూసింది. జ్ఞానాంబ టీచరు వెనక ముప్పై మంది పిల్లలు, చేతులు వెనక్కి కట్టుకుని. పక్కింటావిడ దగ్గర అడిగి తెచ్చిన ఎర్ర రిబ్బను తాయమ్మ జడలో మెరుస్తోంది.

శెట్టి గొంతు సవరించుకున్నాడు. "ఈడ తక్కెడ లేదు, బేరం లేదు. ఎవురికి ఏం కావాల్నో వాళ్ళే చేత్తో తీసుకోవచ్చు. మనిషి మీద మనిషికి నమ్మకం. అదీ మా యాపారం!"

టీచరు చప్పట్లు కొట్టించింది. ఆ మాట విని మునెమ్మకు ఉమ్మేయాలనిపించింది.

పావుగంట కాలేదు, ఒక వరసలో బిస్కెట్టు పొట్లం తక్కువైందని కుప్పయ్య కేకేశాడు. శెట్టి పిల్లలందరినీ ఒకసారి చూశాడు. చెప్పుల్లేని కాళ్ళు నాలుగు జతలు కనబడ్డాయి.

"ఆ నలుగురినీ వెనక్కి తీసకపో."

"వాళ్ళు మంచి పిల్లలే సార్..." అని జ్ఞానాంబ గొణిగింది. బడికి శెట్టి ఇచ్చిన కొత్త బెంచీలు గుర్తొచ్చాయేమో, గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది.

కుప్పయ్య నలుగురినీ రేకుల గదిలోకి తోలుకొచ్చాడు. ముగ్గురు మగపిల్లల జేబులు తానే తిరగేశాడు. తాయమ్మను ముందుకు నెట్టాడు.

"మునెమ్మా, ఆడబిడ్డను నువ్వు సూడు. నీకు తెలిసిన పనే కదా."

"నా బిడ్డ సామీ అది!"

"అయితే ఇంకా మంచిది. సూడు బిన్నే, ఆలస్యం సేయొద్దు. లేదంటే రేపట్నించి రావద్దు."

తాయమ్మ తల్లిని చూసింది, చేటను చూసింది, రాళ్ళను చూసింది. "నేనేం తీయలేదు మా," అంది.

మునెమ్మ చేతులు తమంతట తామే కదిలాయి. రెండేళ్ళ అలవాటు! పావడ మడత విప్పాయి, జడ తడిమాయి. నడుం దగ్గర దోపుకున్న బలపం ముక్క ఒక్కటే దొరికింది. తన చేతుల మీద తనకే అసహ్యమేసింది.

అప్పుడే శెట్టి మనవడు నోటి నిండా బిస్కెట్టుతో, చేతిలో చిరిగిన పొట్లంతో తెర తీసుకుని వచ్చాడు. వెనకే శెట్టి.

"మనోడే తీసినాడంట అబ్బా! దొంగెదవ!" అని శెట్టి మురిసిపోతూ నవ్వాడు. కుప్పయ్యా నవ్వాడు. తెర అవతల టీచరు కూడా నవ్వింది. శెట్టి నలుగురు పిల్లలకూ తలా ఒక పిప్పరమెంటు ఇచ్చాడు.

తాయమ్మ తీసుకోలేదు. పిప్పరమెంటు రాళ్ళ కుప్పలో పడింది.

మునెమ్మ చేట కింద పెట్టి కూతురి చెయ్యి పట్టుకుంది. వెనక తలుపు దాకా నడిచింది. కుప్పయ్య అడ్డం వచ్చాడు.

"యాడికి?"

"ఇంటికి."

"పోతే పో. రేపు నీకు ఈడ పని లేదు. ముందు జాడించు."

తాయమ్మకు అర్థం కాలేదు. "ఏం జాడించాల మా?"

మునెమ్మ కూతురి వైపు చూడలేక కుప్పయ్యనే చూస్తూ చెప్పింది.

"రోజూ సాయంత్రం ఈడ నిలబెట్టి, ఈయప్ప నా కోక ఇప్పించి సూస్తాడు పాపా. ఈరోజు నేను సూపించను."

వెనక బేడలు ఏరే చేటల చప్పుడు ఆగిపోయింది. కుప్పయ్య తలుపు గడియ మీద చెయ్యి తీయలేదు. తాయమ్మ తల్లికి ముందుగా వచ్చి నిలబడి, ఆమె కుచ్చిళ్ళను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.