ఆకాశం తేటపడితే రద్దు

ఆ ఆరోగ్య బీమా ఆఫీసులో రద్దు కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడకి తోటివాళ్ళు పెట్టిన పేరు ఎందుకమ్మ. పాలసీ కొన్నవాళ్ళు పదిహేను రోజుల్లోగా మనసు మార్చుకుంటే ఆవిడకి ఫారం ఇవ్వాలి, ఆవిడ ముద్ర వెయ్యాలి. అంతే పని. ముద్ర వేసి ఊరుకుంటే ఎందుకమ్మ ఎలా అవుతుంది? వచ్చిన ప్రతివాళ్ళనీ "ఎందుకు వద్దనుకుంటున్నారు?" అని అడిగేది. ఇంట్లో ఒప్పుకోలేదని ఒకరు, ఆలోచిస్తే దండగనిపించిందని ఇంకొకరు. ఎవరి కారణం వాళ్ళది.

ఒక్క సంగతి మాత్రం ఆవిడకి అంతుపట్టేది కాదు. కొన్నాళ్ళు కౌంటరు ముందు ఈగలు తోలుకోవడమే. కొన్నాళ్ళు ఊపిరాడనంత జనం. జీతాల రోజులతో పోల్చి చూసింది, సెలవులతో పోల్చి చూసింది. ఎక్కడా అతకలేదు. వారం పాటు ఊరంతా పొగ కమ్మి విడిచిన ఒక పొద్దున, ముక్కుకి కట్టుకున్న గుడ్డ విప్పి హాయిగా గాలి పీలుస్తూ ఆఫీసుకి వచ్చేసరికి క్యూ గుమ్మం దాటి మెట్ల మీదికి పాకింది. అప్పుడు తట్టింది.

ఆ పూటే ఒక నోటుబుక్కు తెరిచింది. పాలసీ ఏ రోజు కొన్నారో ఫారం మీద ఉంటుంది, ఊళ్ళో గాలి ఎలా ఉందో రోజూ పేపర్లో వేస్తారు. రెండూ పక్కపక్కన రాసుకుంటూ పోయింది. మూడు నెలలు తిరిగేసరికి విషయం అరటిపండు ఒలిచినట్టు తేలిపోయింది. పొగ కమ్మిన రోజు పరుగున వచ్చి కొన్నవాళ్ళే, ఆకాశం తేటపడగానే వద్దంటున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. తమాషా ఏమిటంటే వాళ్ళలో ఒక్కరి నోటా పొగ మాట రాలేదు. ఏం మనుషులండీ, ఏడాది పాలసీని ఒక్క పొద్దుటి ఎండ చూసి వదులుకుంటారా?

ఇంతలో ఆవిడ అన్నయ్యే పాలసీ కొన్నాడు. ఆయన ఒక షెడ్డులో కార్లకి రంగులు వేసే పెయింటరు. రెండేళ్ళుగా దగ్గు వదల్లేదు. బీమా తీసుకోమని ఆవిడ ఆరేళ్ళు పోరినా చెవికెక్కించుకోని మనిషి, పొగ ముదిరిన ఒక రోజు తనంతట తానే వచ్చి సంతకం పెట్టాడు. దగ్గుందని ఫారంలో రాసినా కంపెనీ కాదనలేదు. ఆ రాత్రి ఆవిడ కంటినిండా నిద్రపోయింది. వచ్చే నెలకి ఆయనకి యాభై నిండుతాయి, యాభై దాటితే ఆ పాలసీ కొత్తగా ఇవ్వరు.

పదిహేనో రోజు సాయంత్రం నాలుగున్నరకి, ఎండ ఫెళ్ళున కాస్తుండగా, అన్నయ్య రద్దు ఫారం పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాడు.

"ఎందుకన్నయ్యా?"

"మొదలెట్టావూ? అక్కర్లేదనిపించింది. ముద్ర వెయ్యి."

"మరి దగ్గు?"

"తగ్గింది," అని దగ్గాడు.

ఆవిడ నోటుబుక్కు ఆయన వైపు తిప్పింది. రంగులో వెంట్రుకంత గీత కూడా పట్టుకునే కళ్ళు ఆయనవి. వరసా వరసా చదివాడు.

"అంటే వీళ్ళంతా ఆకాశం ఎలా ఆడిస్తే అలా ఆడారంటావు."

"నువ్వు కూడా."

అన్నయ్య తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అలాంటివాడు మొదటి నుంచి మళ్ళీ చదివాడు. ఆవిడ గెలిచాననుకుంది.

"సరే, పొగకి భయపడే కొన్నాననుకో," అన్నాడు. "అప్పుడు కొనడం కూడా తెలివితక్కువ పనేగా. నీ పుస్తకమే చెప్తోంది. వెయ్యి ముద్ర."

మూడు నెలల శ్రమ తనకే అడ్డం తిరిగింది. ఫారం సొరుగులో పడేసి, ఐదింటికి కౌంటరు మూశాక తీసి గడువు అయిపోయిందంటే? ఆ బుద్ధి పుట్టినందుకు తనని తానే తిట్టుకుంది. ముద్ర చేతిలోకి తీసుకుంది. అయినా పుట్టుకతో వచ్చిన అలవాటు పోతుందా?

"ఆ పొగ వారం, మీ షెడ్డులో కూడా కమ్మిందా?"

"షెడ్డులోకెలా వస్తుంది? తలుపులు బిగించి సందులకి టేపు అంటిస్తాం. తడి రంగు మీద నలక పడితే అంతా గీకి మళ్ళీ వెయ్యాలి."

"ఇవాళో?"

"ఇవాళా అంతే. రోజూ ఆ రంగు ఆవిరిలోనే."

"మరి ఈ తేటగాలి నువ్వెప్పుడు పీల్చావన్నయ్యా?"

అన్నయ్య గుమ్మం బయటి ఎండకేసి చూశాడు. "ఇక్కడికొస్తూ," అన్నాడు మెల్లిగా. "దారిలో. పావుగంట."

ఆయన తన గోళ్ళ చుట్టూ ఎండిపోయిన నీలం రంగుకేసి చూసుకున్నాడు. చెయ్యి చాచి ముద్ర కింద నుంచి ఫారం లాక్కుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తాడనుకుంటే కదల్లేదు.

"కొత్తగా కొనే ఫారాలు మూడియ్యి. షెడ్డులో నాతోపాటు ముగ్గురున్నారు."

"ఐదవుతోంది. రేపు తీసుకోకూడదూ?"

"రేపు పొగ రావచ్చు. పొగ చూసి పెట్టిన సంతకాలు నిలవవని నువ్వేగా చూపించావు," అన్నాడు అన్నయ్య. "ఎండ ఉండగానే పెట్టిస్తాను."