ఏడు ఖాళీలు

"నువ్వు వాషింగ్ మెషిన్ వేసినప్పుడల్లా నా పాట తెగిపోతోంది" అన్నాడు భర్త, హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుంటూ.

ఆమె చేతిలో తడి దుప్పటి ఉంది. మెషిన్ ఆగిపోయి అప్పటికే అరగంటయింది. నిన్న పాట తెగింది ఫ్యాను వల్లన్నాడు, మొన్న అత్తగారి టీవీ వల్లన్నాడు. ఈ ఇంట్లో ఏది తెగినా, పగిలినా, పొంగినా చుట్టూ తిరిగి ఆమె దగ్గరికే రావడం మామూలే.

ఆయన బడిలో సంగీతం మాస్టారు. ఆమె కుట్టుమిషన్‌ని వరండాలోకి గెంటి, ఆ వెనక గదికి నాలుగు వైపులా పాత పరుపులు కొట్టి, కంప్యూటరూ మైకూ పెట్టుకుని సొంత పాటలు రికార్డు చేసుకుంటున్నాడు. రికార్డింగ్ మొదలైతే గుమ్మంలోంచి ఎవరు తొంగిచూసినా వెనక్కి తిరక్కుండా అరచెయ్యి పైకెత్తుతాడు. అంతే, ఇల్లంతా ఎక్కడివాళ్ళు అక్కడ బొమ్మల్లా నిలబడాలి. ఇంత చేసినా పాట మధ్యలో చిటుక్కుమంటోంది, సగం మాట మాయమవుతోంది.

"నీ ఉద్యోగమే అదిగా, నువ్వే చూడు. నాకంత ఓపిక లేదు" అన్నాడు.

ఇంటర్నెట్ కంపెనీ కంప్లైంట్ల విభాగంలో ఆమెది తొమ్మిదేళ్ళ ఉద్యోగం. "ఒక్కసారి ఆపి మళ్ళీ వెయ్యండి సార్" అని రోజుకి ఎనభై మందికి చెబుతుంది. తిట్లు తిని, తీగ చివర దాకా వెళ్ళి, తప్పెక్కడుందో పట్టుకుంటుంది.

శనివారం ఆయన బడికి వెళ్ళాక పని మొదలుపెట్టింది. పాటలు తెగిన సమయాలన్నీ పాత క్యాలెండర్ కాగితం వెనక రాసింది. సరిగ్గా పావుగంటకోసారి. ఆయన ఫోన్లోని ఫోటోలు పావుగంటకోసారి కంప్యూటర్లోకి దిగుతున్నాయి. అది ఆపింది. ఇంటర్నెట్ తీసేసింది. కరెంటు ఆదా కోసం కంప్యూటర్ కునుకు తీసే ఏర్పాటు కూడా మార్చింది. చివరికి బఫర్ దగ్గరికొచ్చింది. వచ్చే శబ్దాన్ని కంప్యూటర్ ముందు చిన్న గిన్నెలో పట్టి, తర్వాత డిస్కులో పోసుకుంటుంది. గిన్నె మరీ చిన్నదైతే, పక్కన ఇంకో పని పడగానే పొంగి కొంత పోతుంది. పాలు పొయ్యిమీద పెట్టి తలుపు తియ్యడానికి పరిగెత్తిన మనిషికి ఈ సంగతి ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేదు. గిన్నె పెద్దది చేసింది.

బాగయిందో లేదో తెలియాలంటే ఒక గంటసేపు ఆగని శబ్దం కావాలి. మాటలైతే మధ్యలో ఖాళీలుంటాయి, తెగింది కనపడదు. మైకు వేసి, ఉతికిన బట్టలు ముందేసుకుని మడతపెడుతూ కూనిరాగం తీసింది. ఎవరూ లేనప్పుడు తీసే రాగమే. పెళ్ళైన కొత్తలో తల దువ్వుకుంటూ పాడితే ఆయన నవ్వుతూనే అన్నాడు: "నావి మామూలు చెవులు కావు. శ్రుతి వెంట్రుకంత తప్పినా ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. ఏమనుకోకేం." అత్తగారు అందుకుంది: "వాడు పాడుతున్నాడుగా, నీకెందుకమ్మా ఆ కష్టం!" ఆమె ఏమీ అనుకోలేదు. అలా ఏమీ అనుకోకుండా ఇరవై మూడేళ్ళు గడిచాయి.

గంట తర్వాత తెరమీద తన గొంతు గీతలా పరుచుకుంది. అందులో ఏడు చోట్ల ఖాళీ. ప్రాణం ఉసూరుమంది. గిన్నె ఇంకా పెద్దది చేసి ఆదివారం పొద్దున మళ్ళీ గంటసేపు రాగం తీసింది. ఈసారీ ఏడే.

కానీ ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టే చిన్న అంకె తెర మూల సున్నా చూపిస్తోంది. ఇంటర్నెట్ స్పీడు చూపే మీటర్ అబద్ధం చెబుతోందనే కంప్లైంట్‌దారులు గుర్తొచ్చారు. అది ఎప్పుడూ అబద్ధం చెప్పదని వాళ్ళకి చెప్పేది తనే. ఆయన స్నానం చేసి బయటికి వెళ్ళాక, ఆ పొద్దుటి గీతని దగ్గరికి లాగి, పెద్దది చేసి చూసింది.

యంత్రం తెంపితే గీత గోడలా నిట్టనిలువుగా ఆగుతుంది. ఇక్కడ అలా లేదు. ఎవరో చీర కుచ్చిళ్ళు పట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగినట్టు, గీత సన్నబడి, సన్నబడి, ఆగింది. ఆ తర్వాత ఖాళీలో చిన్న చిన్న బొడిపెలు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని శబ్దం పెంచింది. టక్, టక్. అత్తగారి చేతికర్ర. తలుపు. "అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా?" "టీవీ పక్కనుంది అత్తయ్యా." రెండో ఖాళీలో భర్త చెప్పులు. "నా టవలేదీ?" మూడు, నాలుగు... ఏడూ అంతే.

తెంపింది యంత్రం కాదు, తనే. ఆగినట్టు కూడా గుర్తులేదు.

అయితే కర్ర చప్పుడుకి మూడు సెకన్ల ముందే గొంతు ఎందుకు దిగింది? ఇంకా శబ్దం పెంచింది. గాలి హోరులా వినిపించేదాకా పెంచింది. ఆ హోరు అడుగున, రెండు గోడల అవతల, ముందు గదిలో కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేస్తున్న కుర్చీ.

ఖరీదైన మైకు కూడా సరిగ్గా పట్టలేని చప్పుడు తన చెవులు పట్టాయి. తనకి చెప్పకుండానే గొంతుకి చెప్పాయి. ఇన్నేళ్ళూ! ఇవేం చెవులు!

ఖాళీలు వదిలేసి రాగం వింది. తొమ్మిది నిమిషాలు ఎక్కడా ఆగని చోట, మడత పెడుతున్న బట్టల రెపరెపల మధ్య, ఎవరో ఆడమనిషి లోతుగా, నింపాదిగా పాడుతోంది. ఆ మనిషి తనే. కంప్యూటర్లో శ్రుతి చూపించే ముల్లుని ఆ గీత మీద పెట్టింది. అది నడిమధ్యలో నిలబడింది, కదల్లేదు. భర్త పాట మీద పెట్టింది. ముల్లు అటూ ఇటూ ఊగింది. ఆమెకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. కిటికీ తెరిస్తే గోడుండాల్సిన చోట సముద్రం కనబడ్డట్టుంది.

మళ్ళీ మైకు వేసింది. ఈసారి మడతపెట్టడానికి బట్టల్లేవు. చిన్నప్పటి పాట ఒకటి, మాటలతో సహా అందుకుంది. రెండో చరణంలో గేటు చప్పుడైంది. గొంతు తనంతట తానే ఒక మెట్టు దిగబోయింది. ఆమె దాన్ని అక్కడే పట్టుకుంది. చెప్పులు హాలు దాటాయి. గొంతు వణికింది, కానీ దిగలేదు. తలుపు తెరుచుకుంది.

"బాగయిందా? ఆ టెస్టులన్నీ తీసెయ్, డిస్కు నిండి..."

ఆమె వెనక్కి తిరక్కుండా అరచెయ్యి పైకెత్తింది.

చెప్పులు ఆగాయి. తెరమీద గీత సాగిపోతోంది.