పౌడరు డబ్బా మీద వేళ్లు

ఏడో తరగతిలో వచ్చిన జ్వరం లోవమ్మ చెవులు పట్టుకుపోయింది. దాంతో బడి ఆగిపోయింది. ఇప్పుడామెకు పంతొమ్మిదేళ్లు. ఇంట్లో నలుగురూ నవ్వుకుంటుంటే ఏమిటని అడిగేది. "ఏటీ లేదులే" అనేవారు. పెదవుల మీద ఆ ఒక్క మాటా ఆమెకు ఎంత దూరం నుంచైనా తెలిసిపోయేది.

చిన్నాన్న అప్పలనరసింహం నర్సీపట్నం పోస్టాఫీసులో టెలిగ్రాములు చూసేవాడు. రోజూ మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ తీసుకెళ్లి, ఆయన తినేదాకా బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేది. చెవిటి పిల్ల, ఎవరి కబురూ దాని చెవిన పడదు కదా అని పోస్టుమాస్టరు సోమయాజులు గారు అడ్డు చెప్పలేదు.

ఒకనాడు బల్ల మీద చెయ్యి ఆనిస్తే, కోడిపిల్లను పట్టుకున్నట్టు వేళ్ల కింద ఏదో కొట్టుకుంది. టెలిగ్రాము అందుకునే సౌండరు. టకటకలు గట్టిగా వినపడాలని చిన్నాన్న దాని వెనక ఖాళీ పౌడరు డబ్బా పెట్టుకున్నాడు. లోవమ్మ వేళ్లు మెల్లగా డబ్బా మీదికి పాకాయి.

దెబ్బలు రెండేసి వస్తున్నాయి. కొన్ని జతలు దగ్గరదగ్గరగా, కొన్ని ఎడంగా. వాటి వెంటే చిన్నాన్న పెన్సిలు ఇంగ్లీషు అక్షరాలు రాస్తోంది. ఒక్క దగ్గరి జత వచ్చి ఆగితే కాగితం మీద 'ఇ'. ఒక్క ఎడం జత అయితే 'టి'. ఆ రోజు ఇంటికి ఆ రెండే తెచ్చుకుంది. మర్నాడు మరొకటి. అన్నీ కూడి మాటలయ్యేసరికి ఆరు నెలలు పట్టింది. ఎవరికీ చెప్పలేదు.

ఓ మధ్యాహ్నం ఒక తల్లికి సీరియస్‌గా ఉందని టెలిగ్రాము వస్తోంది. సగంలో చిన్నాన్న పెన్సిలు ముల్లు విరిగింది. ఆయన సొరుగులో మరో పెన్సిలు వెతుక్కుంటుంటే వాడకం లేక గరుకెక్కిన గొంతుతో లోవమ్మ, "ఎస్... టి... ఏ... ఆర్... టి" అంది.

ఆయన కబురు పంపుతున్న అనకాపల్లి ఆఫీసును అడిగి ఆ ముక్క మళ్లీ చెప్పించుకున్నాడు. స్టార్ట్. బయల్దేరమని.

"నీకెవరు నేర్పారే?"

లోవమ్మ పెన్సిలునీ, డబ్బానీ చూపించింది.

సోమయాజులు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నెమ్మదిగా, ఆమెకూ తెలిసేలా అన్నారు: "వినపడదని కూర్చోనిచ్చామమ్మా. ఇప్పుడు వినపడుతోంది కదా. ఒకరి కబురు ఇంకొకరు వినకూడదు. ఇక కుదరదు."

మర్నాటి నుంచి క్యారేజీ కిటికీ దగ్గరే ఇచ్చి వచ్చేయడం. దారిలో వేళ్లు ఊరికే ఆడేవి. దొరికిన ఒక్క చెవీ మళ్లీ పోయినట్టుండేది.

ఆదివారం సాయంత్రం అరుగు మీద పొరుగింటి అప్పయమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. అందరూ విరగబడి నవ్వుతున్నారు. లోవమ్మ తల్లిని అడిగింది.

"ఏటీ లేదులే."

నులకమంచం పట్టె మీద ఆనించిన ఆమె మోచేతికి టక్కుమని తగిలింది. అటు చివర చిన్నాన్న కూర్చుని ఉన్నాడు. మొహం వీధి వైపు, వేలు పట్టె మీద. దగ్గరి జత, ఎడం జత. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. అల్లుడు రాసిన ఉత్తరాన్ని చదివించుకోకముందే అప్పయమ్మ వాళ్ల మేక తినేసిందట. అందులో ఏముండి ఉంటుందని ఆవిడ ఊరందరినీ అడుగుతోందట. ఆ మేకనే అడగమన్నాడట వాళ్లాయన.

అక్షరం అక్షరం కూడేసరికి అందరి నవ్వులూ అయిపోయాయి. అప్పుడు లోవమ్మ ఒక్కతే ఫక్కున నవ్వింది. అందరూ ఇటు తిరిగారు.

"ఏటే, నీలో నువ్వే నవ్వుతన్నావు?" అంది అప్పయమ్మ.

లోవమ్మ పట్టె మీద చెయ్యి తీయకుండా చెప్పింది.

"ఏటీ లేదులే."