పసుపు కోట్ల సేవ

డివార్ టోల్మన్ యూటాలో ముప్ఫై ఏళ్లు బడుల మీద పెత్తనం చేసి రిటైరయ్యాడు. పెత్తనం మాత్రం రిటైర్ కాలేదు. దానికేదో దారి చూపించకపోతే ఊళ్లో వాళ్లు బతకలేరనుకున్నారో ఏమో, చర్చి సంఘం వాళ్లు ఆయన్నీ, ఆయన భార్య రెనేనీ పద్దెనిమిది నెలల మిషన్ సేవకని, అంటే మతప్రచారానికి, అయోవా మొక్కజొన్న చేల మధ్యకు పంపించారు. మిషన్‌లో ఉన్నన్నాళ్లూ మొగుడూ పెళ్లాలు కూడా ఒకరినొకరు సంఘం వాడే బిరుదులతో "ఎల్డర్", "సిస్టర్" అనే పిలుచుకోవాలని ఆయన పట్టుబట్టాడు. నలభై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషితో రెనే రోజూ పొద్దున్నే "ఎల్డర్ టోల్మన్, మీ ఓట్స్ చల్లారిపోతున్నాయి" అనాల్సి వచ్చేది.

పనంటూ పెద్దగా ఏమీ లేదు. ఆదివారం ప్రార్థనకు వచ్చేది పద్నాలుగు మంది, అందులో ఇద్దరు వీళ్లే. మిగతా వారమంతా కంకర రోడ్ల మీద కారేసుకుని తిరగడం, ఎర్ర కొట్టాలకీ సూర్యాస్తమయాలకీ ఫొటోలు తియ్యడం, సోమవారం మిషన్ ఆఫీసుకు ఉత్తరం పంపడం. అక్కడ ఎదురొచ్చే ప్రతి రైతూ స్టీరింగు మీంచి ఒక్క వేలు లేపి పలకరిస్తాడు. ఎదుటి బండిలో ఎవరున్నారో కూడా చూడడు. కుక్క నడుపుతున్నా లేపుతాడు. డివార్ ఆ వేళ్లన్నీ లెక్కపెట్టి, "ఈ వారం మనకు స్పందించిన ఆత్మలు రెండు వందల పద్నాలుగు" అని రాయించేవాడు. ఉత్తరం రాసేది రెనే, దిద్దేది ఆయన.

"ఊరికే వేలు లేపినవాణ్ణి కూడా రాయాలాండీ?" అని ఆవిడ ఓసారి అడిగింది.

"విత్తనం పడింది సిస్టర్. మొలిపించడం దేవుడి పని" అన్నాడాయన.

రెనేకి అక్కడ నిజంగా దొరికింది ఒక్క మార్లిస్ కెట్టెల్‌సన్. మందిరానికొచ్చే పద్నాలుగు మందిలో ఆవిడొకతె. భర్త డ్వేన్ మాత్రం ముప్ఫై ఏళ్లుగా ఆ గడప తొక్కలేదు. ప్రతి గురువారం రెనే మార్లిస్ వంటింట్లో కూర్చుని టమాటాలు ఒలిచేది, ఆవిడ సీసాలకెత్తేది. పనయ్యాక ఇద్దరూ ఆపిల్ పై అనే తీపి రొట్టె కోసుకుని తినేవాళ్లు. రెనే ఇన్నేళ్లూ ఫలానా దొరగారి భార్యగానే బతికింది. తనని తనలా చూసే స్నేహితురాలు అరవై ఎనిమిదో ఏట దొరికినందుకు ఆమెకి లోలోపల పట్టలేనంత సంతోషంగా ఉండేది.

అక్టోబరులో డ్వేన్ గాదె నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎనభై ఎకరాల మొక్కజొన్న కోతకొచ్చి నిలబడి ఉంది. కబురు వినగానే డివార్ "అయ్యో" అని ఒకసారి అని, వెంటనే కాగితం తీశాడు.

శనివారం సేవా కార్యక్రమం. నగరం నుంచి పన్నెండు మంది వస్తారు. అందరికీ పసుపు కోట్లు, వీపు మీద సంఘం పేరు. తొమ్మిదింటికి ప్రారంభ ప్రార్థన, పదకొండింటికి ఫొటో, ఆ తర్వాత శాండ్‌విచ్‌లు, ముగింపు ప్రార్థన. ఇంత వివరంగా రాసిన కాగితంలో కోత ఎప్పుడన్నది ఎక్కడా లేదు.

"చుట్టుపక్కల వాళ్లు గురువారమే వచ్చి కోస్తారటండీ. శుక్రవారం పెద్ద వానట" అంది రెనే.

"గురువారం కోసేస్తే శనివారం మనమేం కోస్తాం? సంఘం పత్రికకి ఫొటో పంపుతానని మాటిచ్చాను. రెండ్రోజులు ఆగమని మార్లిస్‌కి చెప్పు."

"వానండీ!"

"విశ్వాసం ఉంచు సిస్టర్."

చెప్పకుండా ఉండాల్సింది. కానీ నలభై నాలుగేళ్ల అలవాటు ఊరుకోదు. బుధవారం వెళ్లి, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మార్లిస్ సీసా మూత బిగిస్తూ అంతా విన్నది.

"ఊఁ. కొత్తగా ఉందే" అంది.

పద్నాలుగు నెలలు అక్కడుండి రెనే నేర్చుకున్నది ఒక్కటే. ఆ ఊరి వాళ్లకి అంతకన్నా పెద్ద తిట్టు లేదు. మార్లిస్ బల్ల తుడిచింది. ఆపిల్ పై ముక్క కోసి, వెండిరేకు కాగితంలో చుట్టి చేతికిచ్చింది. "ఇంటికెళ్లి తినండి సిస్టర్" అంది. నిన్నటిదాకా 'నువ్వు', 'రెనే' అన్న మనిషి. రెనే కార్లో కూర్చుని ఏడ్చింది.

గురువారం పొద్దున ఏడింటికి ఏడు కోతయంత్రాలు దిగాయి. లూథరన్ చర్చి వాళ్లు, కేథలిక్కులు, దేవుడే లేడనే పక్క చేను లైల్ హాగెన్. ఎవరూ పిలవలేదు, ఎవరూ కోట్లు తొడుక్కోలేదు. మూడింటికల్లా గింజంతా గాదెల్లో పడింది. పాతికమందికి వంట చేసి పెట్టడానికి ఊళ్లో ఆడవాళ్లంతా ఆ వంటింట్లోనే ఉన్నారు. రెనేకి మాత్రం కబురు రాలేదు. శుక్రవారం కుండపోత.

శనివారం వ్యాన్లు దిగాయి. పన్నెండు పసుపు కోట్లు చీలమండల దాకా బురదలో నిలబడి, బోడి చేను వంక చూశాయి. పట్టికలో ఉంది కాబట్టి ప్రారంభ ప్రార్థన చేశారు. లైల్ ఏదో పనిముట్టు తీసుకెళదామని వచ్చి దొరికిపోయాడు.

"అంతా కోసేశారా?" అన్నాడు డివార్.

"ఏదో, కాస్త తీరిక దొరికింది."

"ఫొటోకి ఓ నాలుగు సాళ్లయినా మిగల్చాల్సింది."

లైల్ టోపీ తీసి దాని లోపలికి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "కొత్తగా ఉందే ఆలోచన" అన్నాడు.

"విన్నావా సిస్టర్, ఆయనకి నచ్చింది!" అంటూ డివార్ హుషారుగా వరండా ఎక్కాడు. అక్కడ డ్వేన్ చక్రాల కుర్చీలో, కాళ్ల మీద దుప్పటితో కూర్చున్నాడు. రెనే ఆ కుర్చీ వెనక నిలబడి ఉంది. "డ్వేన్ గారిని కాస్త చేలోకి తోసుకెళదాం. చుట్టూ మోకాళ్ల మీద నలుగురు, భుజం మీద నా చెయ్యి. ఫొటో నువ్వు తియ్యి సిస్టర్."

"చక్రాలు దిగబడతాయేమోనండీ" అన్నాడు డ్వేన్ మెల్లగా. అక్కడి వాళ్లు వద్దు అనలేరు, ప్రాణం పోతున్నా.

"మేమెందుకున్నాం? ఎత్తుతాం! సేవకేగా వచ్చింది."

డ్వేన్ తలుపు వంక చూశాడు. తలుపు దగ్గర మార్లిస్ నిలబడి ఉంది. డివార్ కుర్చీ మీద చెయ్యి వేశాడు.

రెనే వంగి కుర్చీ బ్రేకు వేసింది. టక్కుమంది.

"డివార్" అంది. పద్నాలుగు నెలల్లో ఆ పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఆయన ఎక్కడికీ రాడు. మీ ఫొటో మీరే తీసుకోండి."

తన పసుపు కోటు విప్పి, మడత పెట్టి, ఫోనుతో సహా ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మార్లిస్ వెనకే వచ్చి, సింకు దగ్గర అటు తిరిగి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. వెళ్లగొట్టినా తప్పు తనదే అనుకుంది రెనే.

"తువాలు ఆ మేకుకుంది" అంది మార్లిస్ చివరికి. రెనే దాన్ని అందుకున్నాక, "ఆపిల్ పై ఉంది. ఇక్కడే కూర్చుని తిను, రెనే" అంది.

తర్వాతి నెల సంఘం పత్రికలో ఫొటో వచ్చింది. 'పంట కోసిన టోల్మన్ దంపతుల బృందం' అని కింద రాశారు. ఫొటోలో పన్నెండు కోట్లు బురదలో నవ్వుతూ నిలబడి ఉన్నాయి, వెనక ఇల్లు. తీసింది తనే కాబట్టి డివార్ అందులో లేడు. రెనే మాత్రం ఉంది. వెనకాల వంటింటి కిటికీలో, నోటి నిండా ఆపిల్ పైతో. ఆ కిటికీ కత్తిరించాల్సిందని డివార్ రెండు వారాలు సణిగాడు.

మార్లిస్ కత్తిరించింది. ఆ కిటికీ ముక్క ఒక్కటే ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుని, మిగతా కాగితం టమాటా తొక్కలతో పాటు బుట్టలో పడేసింది.