అడుగు కొయ్యని బుట్టలు

కరకగుమ్మి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి బాస్కెట్‌బాల్ బంతి ముందొచ్చింది, రింగులు రాలేదు. పైనుంచి వచ్చే సరుకంతా అలాగే వస్తుంది. ఆ ముందేడు బోరింగు హేండిలు వచ్చింది, బోరు ఇంకా తవ్వలేదు. అందుకని ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కొత్తగా వచ్చిన ఆటల మాస్టారు వరహాలరావు ఒక్కడే, ఆ నారింజరంగు బంతిని చంకలో పెట్టుకుని, అరకు బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు మీదకి వెళ్లి చూసొచ్చేవాడు. విజయనగరం వైపు మనిషి, కొండకి కొత్త. ఎదురుచూడ్డం కూడా ఇక్కడ ఒక ఉద్యోగమేనని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదో రోజున ఆయన సోమన్న ఇంటికొచ్చాడు.

సోమన్న వెదురు బుట్టలు అల్లుతాడు. సంతలో ఆడవాళ్లు బుట్టని తిరగేసి ముందు అడుగు చూస్తారు. అడుగున ఆరు రేకుల పువ్వులాంటి అల్లిక కనిపిస్తే అది సోమన్నదని తెలుసుకుని, మరో మాట లేకుండా నెత్తిన పెట్టుకుంటారు. చదువంటారా, మూడో తరగతి, అదీ సగం. అప్పటి మాస్టారు మూడు నెలలు అతనిచేత నీళ్లు మోయించాడు. నాలుగో నెలలో గొడ్డలి చేతికిచ్చి కట్టెలు కొట్టమన్నాడు. ఈ చదువేదో ఇంటి దగ్గరే ఉంది కదా అని సోమన్న పలక అక్కడే వదిలేసి వచ్చేశాడు. అప్పట్నించి మాస్టర్లని చూస్తే అతని మొహం పచ్చి ఉసిరికాయ కొరికినట్టు అయిపోతుంది.

"సోమన్నా, రెండు బుట్టలు కావాలి. మూరెడు వెడల్పు," అన్నాడు వరహాలరావు.

"ఏటి పెడతారు బాబూ అందులో?"

"బంతి."

"బంతికి బుట్టెందుకు? మూలన పడేత్తే పడుంటాది."

"దాచడానికి కాదయ్యా. రెండు నిలువుల ఎత్తున చెట్టుకి కడతాం. పిల్లలు కిందనుంచి బంతి అందులో వేస్తారు."

"ఏసి?"

"మళ్లీ తీస్తారు."

"తీసి?"

"మళ్లీ వేస్తారు."

సోమన్న కత్తి పక్కన పెట్టాడు. "ఔన్లెండి. జీతం ఊరికే రాదు కదా," అన్నాడు.

గుమ్మంలో కూర్చున్న భాను కిసుక్కున నవ్వింది. భాను అతని కూతురు. ఆ బళ్లోనే ఎనిమిదో తరగతి. "అయ్యా, నవ్వులాట కాదు. డిసెంబర్లో పాడేరులో పోటీలు. బాగా ఆడినోళ్లని ఇద్దర్ని విశాఖపట్నం స్పోర్ట్స్ హాస్టల్లో ఏసుకుంటారు. నాను ఎల్తాను," అంది. ఎల్తానేమో అనలేదు, ఎల్తాను అంది. తల్లి పోయాక రెండేళ్లలో ఆ పిల్ల ఏదైనా కావాలని నోరు తెరిచి అనడం అదే మొదలు. సోమన్న వెంటనే లేచి వెదురు కొట్టడానికి వెళ్లాడు.

మూడోరోజుకి బుట్టలు తయారు. మాస్టారు వాటిని తిప్పి తిప్పి చూసి మురిసిపోయాడు. "అద్భుతం. ఇంక ఆ అడుగు కోసెయ్."

"ఏటి?"

"అడుగు కోసేస్తే బంతి కిందనుంచి పడిపోతుంది. ఆట ఆగదు."

"కొయ్యను," అన్నాడు సోమన్న. అని బుట్టలు రెండూ వెనక్కి లాక్కున్నాడు.

వరహాలరావుకి తెలియనిది ఒకటుంది. కరకగుమ్మిలో మనిషి పోతే, బతికుండగా ఆ మనిషి మోసిన బుట్టకి అడుగు కోసి, మట్టి చేసిన చోట పెట్టి వస్తారు. ఇంక మొయ్యక్కర్లేదు, దించెయ్యి అని చెప్పడం అన్నమాట. ఊళ్లో అడుగు కోసిన బుట్ట ఇంకెందుకూ పనికిరాదు, ఇంకెక్కడా కనబడకూడదు. రెండేళ్ల కిందట భార్య యర్రమ్మ బుట్టకి సోమన్నే కత్తి పెట్టాడు. పెళ్లైన ఏడు తను అల్లిచ్చిన బుట్ట అది. పదహారేళ్లయినా అడుగు చెక్కుచెదరలేదు. కొయ్యడానికి చాలాసేపు పట్టింది.

ఆ సంగతి భానే మాస్టారికి చెప్పింది. ఆయన కాసేపు బంతిని గోళ్లతో గీరుతూ నిలబడ్డాడు. "అయితే అలాగే కట్టెయ్ సోమన్నా. అసలు ఈ ఆట పుట్టిందే అడుగున్న బుట్టలతో," అన్నాడు.

బడి వెనక మైదానంలో ఎదురెదురుగా రెండు సిల్వర్ ఓక్ చెట్లున్నాయి. సోమన్న నిచ్చెనెక్కి బుట్టలు కడుతుంటే, కింద పిల్లల్ని కూర్చోబెట్టి మాస్టారు కథ చెప్పాడు. వందేళ్ల కిందట అమెరికాలో ఒక చలికాలం. బయట మంచు. ఆడుకోడానికి వీల్లేక పద్దెనిమిదిమంది కుర్రాళ్లు గదిలో కొట్టుకు చస్తున్నారు. వాళ్ల మాస్టారు కొత్త ఆట ఒకటి ఆలోచించి, నౌకర్ని పిలిచి రెండు పెట్టెలు తెమ్మన్నాడు. పెట్టెలు లేవండి, పళ్ల బుట్టలున్నాయి అని నౌకరు అవే పట్టుకొచ్చాడు. మేడవరండా అంచుకి చెరోవైపు మేకులు కొట్టి వాటిని తగిలించారు. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, ఒకరికొకరు విసురుకోవాలి. బుట్టలో పడితే నౌకరు నిచ్చెనెక్కి తీసివ్వాలి. మొదటి ఆట మొత్తంలో ఒక్కసారి పడిందట.

"మరి ఆ బుట్టలల్లినోడి పేరేటి?" పైనుంచి అడిగాడు సోమన్న.

"అది ఎక్కడా రాసిలేదోయ్," అన్నాడు మాస్టారు.

"సూడు మరి! ఆట కనిపెట్టినోడున్నాడు, నిచ్చెనెక్కినోడున్నాడు. బుట్టలల్లినోడు మాత్రం లేడు."

"సార్, మనకి నిచ్చెనెవులెక్కుతారు?" అడిగింది భాను.

అందరూ వంటపాక వైపు చూశారు. బళ్లో వంటమనిషి చిన్నమ్మలు, యర్రమ్మకి అక్క, సోమన్నకి వదిన. గరిటె పట్టుకుని అప్పుడే బయటికొచ్చింది. "నన్నెందుకలా సూత్తన్నారు?" అంది అనుమానంగా.

అలా మొదలైంది ఆట. మైదానం ఒకవైపు వాలు. బంతిని నేలకి కొట్టుకుంటూ పోదామంటే అది రాయి తగిలి చోడిచేలోకి, అక్కణ్ణించి వాగులోకి పోయేది. అందుకని కొట్టడం మానేసి, చేతిలోంచి చేతిలోకి విసురుకోవడం నేర్చుకున్నారు. మొదట్లో అక్కడా అంతే, కొట్టుకుంటూ పోవడం తర్వాతెప్పుడో వచ్చిందన్నాడు మాస్టారు. "మనం వందేళ్ల వెనక ఉన్నాం, కంగారు లేదు. ఏడాదికో మెట్టు ఎక్కుదాం."

బుట్టలో బంతి పడిందంటే చిన్నమ్మలు రావాలి. "ఓలమ్మ, మళ్లీ ఏసీసారే! నా పప్పు మాడిపోతాంది. నిన్నొక్కరోజే నాలుగుసార్లెక్కాను, నానేటి ఉడతనా?" అని తిట్టుకుంటూ ఎక్కేది. ఆమె వచ్చేలోపల పిల్లలు జడలు బిగించుకునేవారు, ముళ్లు తీసుకునేవారు, నీళ్లు తాగొచ్చేవారు. ఆమె తిట్లకి భయపడి, పడుతుందని గట్టిగా నమ్మకం కుదిరితే తప్ప బుట్టకేసి విసిరేవారు కారు. నెల తిరిగేసరికి పదిసార్లు విసిరితే ఎనిమిది పడేవి.

నిచ్చెన బాధ పడలేక చిన్నమ్మలు ఒకరోజు మరిదిని నిలదీసింది. "కోతొద్దు, సరే. సందైనా పెట్టు మరిదీ. కర్రతో కిందనుంచి పొడుత్తాను." సోమన్న ఆలోచించి, అడుగులో రెండు బద్దలు పక్కకి జరిపి బొటనవేలు పట్టేంత సందు చేశాడు. అది కోత కాదు కదా. అప్పట్నించి చిన్నమ్మలు ఒక పొడుగాటి కర్రతో వచ్చి బంతిని పైకి పొడిచి దొర్లించేది. మాస్టారు ఎగిరి గంతేశాడు. "అక్కడా అంతే! వాళ్లూ కన్నం పెట్టి కర్రతోనే తోశారు!"

"అయితే ఆళ్లకీ ఒక చిన్నమ్మలుండుంటాది," అన్నాడు సోమన్న.

నవంబరు చివర, కొండలన్నీ వలిసెపూలతో పసుపు ముద్దలై ఉండగా, అరకులో ఒక పెద్ద బడివాళ్లు స్నేహంగా ఒక ఆట ఆడదాం రమ్మన్నారు. పాడేరు పోటీలకి పన్నెండు రోజులుంది. సోమన్న కూడా బస్సెక్కాడు. చిన్నమ్మలైతే కర్ర కూడా తెచ్చింది. ఎందుకమ్మా అంటే, "నాను నేకపోతే బంతి ఎవులు తీత్తారు?" అంది.

అక్కడ సిమెంటు నేల, ఇనుప రింగులు, రింగులకి తెల్లని వలలు. ఆట మొదలైన రెండు నిమిషాల వరకు అరకు పిల్లలకి బంతి అంటనేలేదు. కరకగుమ్మి పిల్లల చేతుల మధ్య అది పిచ్చుకలా తిరిగింది. చివరికి భాను చేతికొచ్చింది. భాను విసిరింది. బంతి రింగుకి తగలకుండా వలలోంచి జారింది. జనం చప్పట్లు కొట్టారు.

కరకగుమ్మి జట్టు ఆగిపోయింది. ఐదుగురికి ఐదుగురూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఒకతి జడ బిగించుకుంటోంది, ఒకతి కూర్చుని కాల్లో ముల్లు వెతుక్కుంటోంది, సిమెంటు నేల మీద! భాను నడుం మీద చెయ్యేసుకుని పెద్దమ్మ కోసం చూస్తోంది. చిన్నమ్మలు కర్రెత్తుకుని పరుగున రానేవచ్చింది. ఈలోగా అరకు పిల్లలు కిందపడ్డ బంతి తీసుకుని, గీత బయటనుంచి విసురుకుని, తాపీగా అటు వెళ్లి వేసేశారు.

విరగబడి నవ్వారు అందరూ. వరహాలరావు గీత పక్కన గెంతుతూ అరిచాడు. పిల్లలు నాలుక కరుచుకున్నారు. మళ్లీ వేశారు, మళ్లీ ఆగిపోయారు. తలకి తెలుసు, కాళ్లకి తెలీదు. రెండు నెలల అలవాటు కాళ్లలో కూర్చుంది. వేసిన ప్రతిసారీ ఆగడం, ఆగిన ప్రతిసారీ అవతలివాళ్లు వెయ్యడం. ఇరవై రెండు, పద్నాలుగు. ఓడిపోయారు.

సోమన్న నవ్వలేదు. ఆట అయ్యాక రింగు కిందకి వెళ్లి, తల పైకెత్తి ఆ వలనే చూస్తూ నిలబడ్డాడు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు.

తిరుగు బస్సులో మాస్టారు అతనివైపు చూడకుండా అన్నాడు, "పన్నెండు రోజుల్లో కాళ్లని ఎలా మార్చాలో తెలీడం లేదు." కిటికీ పక్కన భాను కూర్చుంది. ఊరు దగ్గరపడుతుండగా తండ్రి చెయ్యి పట్టుకుని, "అయ్యా, నువ్వు కొయ్యకు. అమ్మ బుట్టలాగ కొయ్యొద్దు. నానే గుర్తెట్టుకుంటాను," అంది.

కొయ్యమని ఏడ్చినా సోమన్న ఓర్చుకునేవాడు. ఇది ఓర్చుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే పళ్లు తోముకుంటూ చూరు కిందకి చూశాడు. అక్కడ ఊత వేలాడుతోంది. వాగులో చేప మీద బోర్లించి, పైనుంచి చెయ్యి పెట్టి పట్టే బుట్ట. పైనా కంత, కిందా కంత. యర్రమ్మ దాంతోనే చేపలు పట్టేది. సోమన్న వేపపుల్ల ఉమ్మేసి తనని తానే తిట్టుకున్నాడు. బుట్ట అల్లాలంటే అడుగుతో మొదలెట్టాలి. అందుకే అడుగు తియ్యాలంటే కొయ్యాలి. ఊతకి ఆ గొడవ లేదు, అది అంచునుంచి మొదలవుతుంది. నిన్నటి వలకూ అంతే, ఇనుప అంచునుంచి కిందకి దిగింది, ఎక్కడా కత్తి పడలేదు. పుట్టుకతోనే అడుగు లేనిదానికి చావుతో పనేముంది?

సాయంత్రానికి రెండూ అల్లేశాడు. పువ్వు పెట్టడానికి అడుగు లేదు కదా, అందుకని అంచు కింద చుట్టూ పెట్టాడు, కిందున్నవాళ్లకి కనబడేలా.

వాటిని చూసి చిన్నమ్మలు గుండె బాదుకుంది. "ఓరి నాయనో! ఎవులు పోనారు?"

"ఎవులూ పోలేదు. కోత ఎక్కడుందో సూపెట్టు."

ఆమె వేళ్లతో అంచంతా తడిమింది. ఎక్కడా తెగిన బద్ద లేదు, ప్రతి కొసా లోపలికి మడిచి ఉంది. "ఊతలాగుందే!"

"ఊతే. సెట్టుకేలాడే ఊత."

చిన్నమ్మలు దాన్ని ఒళ్లో పెట్టుకుంది. "మా చెల్లి దీన్ని సూత్తే వాగులోకి అట్టుకుపోయేది," అని నవ్వి, వెంటనే, "అయితే నా ఉద్యోగం పోనాదన్నమాట," అంది.

బుట్టలు కట్టారు. భాను విసిరింది. బంతి పువ్వుల అంచు దాటి, కిందనుంచి జారి, నేలకి తగిలి సోమన్న కాళ్ల దగ్గరకి దొర్లుకొచ్చింది. పిల్లలు, ఇంకెందుకు, ఆగిపోయారు. జడలు బిగించుకుంటున్నారు.

సోమన్న బంతి తీశాడు. పంచె ఎగ్గట్టాడు. "అరకోళ్లు వచ్చీసారే!" అని గావుకేక పెట్టి అవతలి చెట్టుకేసి పరుగెత్తాడు. మాస్టారు వెనకనుంచి "బంతి పట్టుకుని పరిగెత్తకూడదయ్యా!" అంటూనే ఉన్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, ఐదుగురు గుంటలు వెంటపడేలోపల వెళ్లి బుట్టలో వేసేసి, ఆయాసంతో చెట్టు పట్టుకుని నిలబడ్డాడు. "సూసారేటి? ఆగితే ఇదే గతి. బేగి తియ్యండి, నిచ్చెన రాదింక!"

ఆ రోజునుంచి సాయంత్రం నాలుగయ్యేసరికి సోమన్న మైదానంలో ఉండేవాడు. మూడో తరగతి మానేసిన ఇన్నేళ్లకి మళ్లీ రోజూ బడికెళ్లాడు, ఈసారి నీళ్లు మోయకుండా. వాళ్లు వెయ్యగానే బంతి లాక్కుని పారిపోవడం అతని పని. మొదటి రోజు పదకొండుసార్లు దొరికింది. ఐదో రోజు నాలుగుసార్లు. పదో రోజు సాయంత్రం చీకటి పడేవేళకి చెమటలు కక్కుతూ ఇంటికెళ్తూ, "ఒక్కపాలైనా బంతి ముట్టుకోనియ్యలేదు, దొంగముండలు," అని దారంతా తిట్టాడు. ఊళ్లో అతన్ని అంత సంతోషంగా ఎవరూ చూసి ఉండరు.

పాడేరులో రెండు గెలిచి, మూడోది ఓడారు. సంక్షేమాధికారి చదివిన హాస్టల్ జాబితాలో రెండో పేరు భానుశ్రీది. జనవరిలో విశాఖ బస్సెక్కింది.

ఏడాది దాటాక, బంతి తోలు ఊడిపోయాక, ఇనుప రింగులు వచ్చాయి. వాటికి కట్టే వలలు రాలేదు. వరహాలరావు మళ్లీ బస్సుల దగ్గరకి వెళ్లి నిలబడలేదు. తిన్నగా సోమన్న ఇంటికొచ్చాడు. ఆ రింగుల కింద ఇప్పటికీ వెదురు పువ్వులే వేలాడుతున్నాయి.