కట్టినోళ్లే కూసోవాలె

“ముందు చేతులు చూపించు” అంటుంది మా అత్త కృష్ణమ్మ, రోజూ పొద్దున్నే, నేను పొయ్యి వెలిగించబోయే ముందు. బడిపిల్లలా రెండు చేతులూ చాపుతాను. ఆమె గోళ్ల సందుల్లోకి చూస్తుంది. నల్లగా ఏమైనా కనిపిస్తే, “గీ చేతులతోని అన్నం వండుతవా భాగ్యా? నలుగురు జూస్తే ఏమంటరే? పో, తోముకొని రా” అంటుంది. బట్టల సబ్బులో చక్కెర పలుకులు కలిపి తోముకుంటాను. ఆ గ్రీజు ఎక్కడిదని ఆమె ఒక్కరోజూ అడగలేదు. దబీర్‌పురా స్టేషను వెనక, మా ఇంటి ముందున్న రేకుల షెడ్డు ఆ గ్రీజు మీదే నడుస్తోందని ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని అడగకపోవడం మా ఇంట్లో ఒక మర్యాద.

షెడ్డులో జీపులకు గాలి నింపే కంప్రెషర్లు బిగిస్తారు. ‘బిగిస్తారు’ అనడం నాకు అలవాటైపోయింది. బిగించేది నేను. గుట్టల్లో, బురదలో తిరిగే బండ్లు టైర్లలో గాలి తగ్గించుకుని దిగుతాయి. మళ్లీ రోడ్డెక్కే ముందు నింపుకోవాలి. అందుకే బండిలోనే ఒక కంప్రెషర్, వెనక సీటు కింద ఒక ఇనుప ట్యాంకు. సరిపడా గాలి నిండగానే కంప్రెషర్‌ను ఆపడానికి ఒక స్విచ్చి. ఆ స్విచ్చి మొరాయిస్తే, ఎక్కువైన గాలిని బయటికి వదిలేయడానికి ట్యాంకు మెడ మీద ఒక చిన్న ఇత్తడి వాల్వు. ఆ వాల్వుకు చిటికెనవేలు పట్టేంత రింగు ఉంటుంది; గుంజితే వాల్వు కదులుతోందో లేదో తెలుస్తుంది.

ఇవన్నీ నేర్పింది మా మామ భిక్షపతి, గిరాకీలకు పెద్ద మిస్త్రీ. బస్సు డిపోలో బ్రేకుల పని చేసి, రిటైరయ్యాక ఈ షెడ్డు వేశాడు. చూపు తగ్గాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పానాలు అందించమనేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక పానా నా చేతికే ఇచ్చాడు. “రింగు గుంజి చూడకుండ కంప్రెషర్ వెయ్యకు బిడ్డా” అనేవాడు. ఆయన పెట్టిన రివాజు ఇంకొకటి ఉంది. ట్యాంకులో మొదటిసారి గాలి నింపేటప్పుడు ఆ సీటు మీద గిరాకీ కాదు, బిగించిన మనిషి కూర్చోవాలి. ‘కట్టినోళ్లే కూసోవాలె’ అని గిరాకీల ముందు గర్వంగా చెప్పేవాడు. ఆయన పోయాక కూడా రివాజు ఆగలేదు. నేను బిగించిన ప్రతి బండిలోనూ నా భర్త ప్రేమ్‌రాజ్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. గిరాకీ చప్పట్లు కొట్టేవాడు. ఆ సమయానికి నేను లోపల చాయ్ కాస్తూ, కంప్రెషర్ చప్పుడు సరిగ్గా ఎప్పుడు ఆగుతుందా అని చెవి రిక్కించి ఉండేదాన్ని.

నిన్న అది ఆగలేదు. బార్కస్ నుంచి వచ్చిన యూనుస్ భాయ్ జీపు. సీటు బిగించకముందు ఒకసారి నింపి చూశాను. గాలి ఒత్తిడి చూపే గేజీ ముల్లు ఆగవలసిన గీత దాటి పోతూనే ఉంది. స్విచ్చి అంటుకుపోయింది. అప్పుడు ఇత్తడి వాల్వు పెద్దగా బుసకొట్టింది. నేను తీగ పీకేసి, గాలంతా వదిలేశాను. స్విచ్చి మార్చాలని ప్రేమ్‌రాజ్‌కు చెప్పాను. అతను అఫ్జల్‌గంజ్‌కు ఫోన్ చేసి, స్విచ్చి రావడానికి వారం పడుతుందని విని, షెడ్డులోకి వెళ్లాడు.

ఈరోజు పొద్దున చేతులు తోముకుని, అన్నం దించి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు చెంబులో కలుపుకుని షెడ్డులోకి వచ్చాను. కీళ్ల మీద ఆ నురగ పూస్తే గాలి ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. అలవాటు ప్రకారం ముందుగా సీటు కిందికి చెయ్యి పోనిచ్చి రింగు కోసం తడిమాను. వేలికి రింగు తగల్లేదు. ఆరు మూలల బోల్టు తల తగిలింది.

చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేకపోయాను. ట్యాంకులో గాలి లేదని తెలుసు, అయినా ఊపిరి బిగబట్టాను.  అంటుకుపోయే స్విచ్చి, వాల్వు చోట బోల్టు, పైన సీటు. ఆ ట్యాంకు పగిలితే సీటు మీద మనిషి మిగలడు.

“వాల్వు తీసేసినవా?” అని బల్ల దగ్గరున్న ప్రేమ్‌రాజ్‌ను అడిగాను. 

“ఊకె సుయ్‌సుయ్ మంటది. గిరాకీ ముందు ఇజ్జత్ పోతది” అన్నాడు, తల ఎత్తకుండా.

“స్విచ్చి అంటుకుంటున్నది గాబట్టే మొత్తుకున్నది.”

“నువ్వు నాకు చెప్తవా? గేజీ నేను చూసుకుంట. ఆపేటప్పుడు నేనే ఆపుత.”

“గుట్టల్ల ఎవరు జూస్తరు?”

చేతిలోని పానాను బల్ల మీద పెట్టాడు. పెట్టాడు, అంతే, విసరలేదు. అయినా నా కళ్లు గోడ మీది సొట్ట వైపు వెళ్లాయి. అది పెళ్లయ్యాక మూడో పండుగనాడో నాలుగో పండుగనాడో నా చెవి పక్క నుంచి వెళ్లిన పానా చేసిన సొట్ట. ఆరోజు తరవాత అతను నా మీద ఏదీ విసరలేదు. విసరాల్సిన అవసరం రాలేదు. ట్యాంకుకు గేజీ ఉంది. ముల్లు ఎక్కడుందో చూసి భయపడవచ్చు. ఈ మనిషి ముందు నేను ఎప్పుడూ ముల్లు కనబడకుండానే భయపడ్డాను. అందువల్ల సున్నా దగ్గర కూడా భయపడ్డాను. బహుశా అతను మామూలుగా నవ్వే రోజుల్లో కూడా. ఇది నా పిరికితనమా, ఇంట్లో బతికి ఉండడానికి నేను నేర్చుకున్న పనితనమా అని చాలాసార్లు ఆలోచించాను. జవాబు దొరికే లోపల అన్నం మాడే వాసన వచ్చేది.

అప్పుడే యూనుస్ భాయ్ వచ్చాడు. వెంట కూతురు రుక్సార్, పదేళ్లుంటాయేమో. ఆ పిల్ల వచ్చీరాగానే వెనక సీటెక్కి ఎగిరెగిరి కూర్చుంది.

“అబ్బా, గిది నా సీటు!” అంది తండ్రితో.

“నీదే బేటా. అనంతగిరి దాకా నీదే” అని నవ్వాడు. తరవాత ప్రేమ్‌రాజ్ వైపు తిరిగి, “చలో ప్రేమ్ భాయ్, జల్దీ. ఇంట్ల బేగం డబ్బాలు సర్ది కూసుంది. పెద్ద మిస్త్రీ రివాజు చూపియ్. నువ్వు కూసో, నేను కంప్రెషర్ వేస్త.”

ప్రేమ్‌రాజ్ సీటు వైపు చూశాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. మళ్లీ సీటు వైపు చూశాడు.

“నేను కాదు భాయ్” అన్నాడు. “గీ బండి కట్టింది మా ఆమె. ఆమెనే కూసోవాలె.”

“భాభీ కట్టిందా!” యూనుస్ భాయ్ కళ్లు పెద్దవయ్యాయి. “కమాల్ ఉందిగదా! ఇన్ని దినాలు చెప్పనేలేదేంది యార్?”

గడపలో నిలబడిన మా అత్త, “కూసోవే. మొగుడు నలుగుట్ల మెచ్చుకుంటుంటే గట్ల బిగుసుకపోతవేంది?” అంది.

ఈ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు. ఎవరైనా, ఎప్పుడైనా, ఒక గిరాకీ ముందు, ఇది ఆమె చేతిపని అని అంటే ఎలా ఉంటుందో గిన్నెలు తోముతూ ఊహించుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట వచ్చింది.  నేను చెప్పింది అతనికి అర్థం కాలేదని పొద్దుటి నుంచీ అనుకుంటున్నాను. మూర్ఖత్వమనీ, మొండితనమనీ సర్దిచెప్పుకున్నాను. కాదు. నా మాటను అతను అక్షరం పొల్లుపోకుండా నమ్మాడు.

ఇన్నాళ్లూ కాలు మీద కాలేసుకుని కూర్చున్నదీ ఆ నమ్మకంతోనే.

“రుక్సార్, దిగు బిడ్డా” అన్నాను. పిల్ల మూతి ముడుచుకుని తండ్రిని చూసింది. “దిగు” అన్నాను మళ్లీ. నా ముఖంలో ఏం కనిపించిందో, గబుక్కున దిగి తండ్రి చొక్కా పట్టుకుంది.

బల్ల మీది పానా తీసుకున్నాను. దాన్ని తీసుకోవాలంటే ప్రేమ్‌రాజ్‌కు చేతికందే దూరంలోకి వెళ్లాలి. వెళ్లాను. “ఏం జేస్తున్నవే?” అన్నాడు పళ్ల మధ్య నుంచి. సీటు కిందికి చెయ్యి పోనిస్తే, పానా బోల్టు తల మీద కుదరక రెండుసార్లు జారింది. మూడోసారి కుదిరింది. బోల్టు తిప్పి తీసి యూనుస్ భాయ్ అరచేతిలో పెట్టాను.

“బండి నేనే కట్టిన భాయ్. ఇది మాత్రం నేను పెట్టలే. గాలి ఎక్కువైతే బయటికి పోయే తొవ్వకు అడ్డం పెట్టిండ్రు. అటు స్విచ్చి గూడ ఆపుతలేదు. ఇయ్యాల ఇది నింప. ఎవ్వరినీ కూసోనియ్య.”

యూనుస్ భాయ్ బోల్టును చూశాడు. తరవాత ఖాళీ సీటును చూశాడు. కూతురి తల మీద చెయ్యి వేసి తన వైపు లాక్కున్నాడు. అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

“కొత్త స్విచ్చి వేసినంక?” అని అడిగాడు, నన్నే.

“అప్పుడు నేను కూసుంట.”

బోల్టును జేబులో వేసుకుని, ప్రేమ్‌రాజ్ ముఖం చూడకుండా, కూతురిని తీసుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ప్రేమ్‌రాజ్ నన్ను రాసుకుంటూ ఇంట్లోకి వెళ్లాడు. లోపల స్టూలు పడిన చప్పుడు వినిపించింది. తరవాత ఏ చప్పుడూ లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

“చేతులు కడుక్కొని లోపటికి రా” అంది మా అత్త. ఆమె గొంతులో రోజూ ఉండే కోపం లేదు. ఆమె కూడా వెనక్కి తిరిగి లోపలికి చూస్తోంది. ఈ గడపలో ఆమె ఎన్నేళ్లుగా చెవి రిక్కించి నిలబడుతోందో నేను ఎప్పుడూ అడగలేదు.

అతను చిత్తు డబ్బాలో పడేసిన ఇత్తడి వాల్వును వెతికి తీశాను. మరలకు టేపు చుట్టి, దాని చోట దాన్ని బిగించాను. రింగులో చిటికెనవేలు పెట్టి గుంజి చూశాను. కదిలింది.

లోపలికి వెళ్లాలి. వెళ్లేముందు చేతులు కడుక్కోకూడదని నిర్ణయించుకున్నాను.