ఇనప బీరువాలో పుస్తకం

"ఇద్దరు పిల్లలయ్యారు. ఇంక ఆ సంచితో నీకు పనేంది?" అంది అత్త కుల్సుం, గోంగూర ఆకు దూస్తూ. అటక మీద అడ్డంగా పడున్న గోనెసంచి గురించి మాట్లాడినట్టే మాట్లాడింది సబీహా గర్భసంచి గురించి. నెల నెలా నెత్తురు ఎక్కువ పోతోందని సబీహా ఒక్కసారి నోరు జారింది. అంతే. మొగుడు సుభానీ ఆస్పత్రికి తీసుకుపోవడం, డాక్టరు ఆమె మొహం చూడకుండా అన్నీ సుభానీకే చెప్పడం, గురువారం ఆపరేషన్ ఖాయం కావడం ఒక్క పూటలో జరిగిపోయాయి. "నెలకోసారి నువ్వు మంచమెక్కితే వంటెవరు చేస్తారే? తీసేస్తే నీకూ సుఖం, నాకూ సుఖం" అన్నాడు సుభానీ. ఒళ్ళు ఆమెదే, ఆమెనే ఎవరూ ఏమీ అడగలేదు.

ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఉద్యోగం సబీహాది. లోపలి హాలంతా మగవాళ్ళది. చట్టాలు, కరెంటు వైరింగు, మిరప తెగుళ్ళు, కోళ్ళ పెంపకం, అర్థశాస్త్రం, నక్షత్రాల సంగతులు, అన్నీ వాళ్ళ చేతికందే ర్యాకుల్లో ఉంటాయి. ఆడవాళ్ళు వరండా కిటికీ దగ్గర నిలబడి "ఏదన్నా పుస్తకం ఇయ్యండి సార్" అనాలి. ఎవరు పెట్టారో తెలియదు, అదే ఆనవాయితీ. లైబ్రేరియన్ త్రికోటేశ్వరరావు కిటికీ పక్కన 'స్త్రీలకు' అని రాసిన అరలోంచి ఒకటి తీసి ఇస్తాడు. పచ్చళ్ళు, ముగ్గులు, అల్లికలు, పసిపిల్లల పెంపకం. తిప్పి తిప్పి అవే.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి పోతూ, ఇనప బీరువాలో దుమ్ము దులపమని తాళం ఇచ్చాడు. అడుగున పాత పేపరు అట్ట వేసిన లావుపాటి పుస్తకం దొరికింది. స్త్రీల జబ్బుల మీద ఒక డాక్టరు తేట తెలుగులో రాసింది. "హాల్లో పెడితే మగపిల్లలు పాడైపోతారమ్మా" అని ఒకప్పుడు త్రికోటేశ్వరరావు చెప్పింది దీని గురించేనని అర్థమైంది. వెనక చీటీ నిండా తేదీ ముద్రలే. పెద్దమనుషులు ఆయన టేబులు మీదికి వంగి గొంతు తగ్గించి అడిగేది ఏ పుస్తకమో కూడా అప్పుడే తెలిసింది. బొమ్మలున్న పేజీలు నలిగి, వేలిముద్రలతో నల్లబడ్డాయి. జబ్బుల గురించి రాసిన పేజీలు మాత్రం ఎవరూ తాకనట్టు తెల్లగా ఉన్నాయి.

ఆ తెల్లటి పేజీలు సబీహా నిలబడే చదివింది. నెత్తురు ఎక్కువ పోతే ముందు స్కానింగు, రక్తపరీక్ష చేయాలట. చాలామందికి మందులతోనే తగ్గుతుందట. చివరిదాకా వేరే దారి లేకపోతేనే కోత. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. తన ఒంటి సంగతి ఇంతకాలం తన చేతికి జానెడు దూరంలో తాళం వేసుకుని కూర్చుంది. ఊళ్ళో మగవాళ్ళు దాన్ని సరదాకి తిరగేశారు.

ఫోను మోగింది. సుభానీ. "గురువారం పొద్దున్నే పరగడుపున పోవాలంట. బుధవారమే నాలుగు పూటలకి కూరలు చేసి ఫ్రిజ్‌లో పెట్టు. అమ్మకి కష్టమవుద్ది."

"కూరలు మీరే చేసుకోండి. గురువారం నేను నడికుడిలో గుంటూరు రైలెక్కుతన్నా. పెద్దాసుపత్రిలో స్కానింగు తీయించుకుంటా. కోత కోయాలో వద్దో అప్పుడు నేను చెబుతా."

"ఏమే, నీకేమన్నా పిచ్చా?"

ఆమె ఫోను పెట్టేసింది. పుస్తకానికున్న పేపరు అట్ట చింపేసి, దాన్ని 'స్త్రీలకు' అరలో ముందు వరసలో పెట్టింది. భోజనం చేసి వచ్చిన త్రికోటేశ్వరరావు చూసి గతుక్కుమన్నాడు. "అది బయట పెట్టేది కాదమ్మా."

"బీరువాలో ఉన్నప్పుడూ బయటికి పోతానే ఉంది సార్. చీటీ చూడండి."

ఆయన చీటీ చూడలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంతలో కిటికీ దగ్గరికి పక్క వీధి పిచ్చమ్మ వచ్చింది. కిందటేడు ఆవిడకీ గర్భసంచి తీసేశారు. అప్పట్నుంచీ నడుం పట్టుకునే నడుస్తోంది.

"ఏదన్నా పుస్తకం ఇయ్యి సబీహా. పచ్చళ్ళదైనా సరే."

సబీహా కిటికీ రెక్కలు మూసేసి, ఆ పుస్తకం తీసుకుని వెళ్ళి హాలు తలుపు తీసి పట్టుకుంది.

"లోపలికొచ్చి కూర్చో పిన్నీ. ఇది నిలబడి చదివేది కాదు."